జోగిని చట్టంలో దొర ఎక్కడ?

గోలేటి కార్మిక కాలనీలో విద్యార్థులతో కూర్చుంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "పేదోడు చేస్తే ఉరి, పెద్దోడు చేస్తే ఏంది?" ఈ ప్రశ్న ఉట్టిగ పుట్టలేదు. గోలేటి ఉన్న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే, లింగాపూర్ మండలంలో 2019 నవంబర్ 24న ఒక దళిత స్త్రీపై అత్యాచారం చేసి చంపేశారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. ఆ ముగ్గురూ డబ్బూ పలుకుబడీ లేనివాళ్లే. తలచుకుంటే రాజ్యం 67 రోజుల్లో కేసు తేల్చగలదన్నమాట. మరి భూమీ డబ్బూ ఉన్నవాడు పసిపిల్లను చెరిస్తే? దీనికి జవాబు జోగిని వ్యవస్థలో వెతకాలి.

నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మాల, మాదిగ ఆడపిల్లల్ని పసితనంలోనే దేవత పేర విడిచేవారు. పిల్ల పెద్దమనిషి కాగానే ఆమె మీద హక్కు ఊరి దొరది, పటేలుది. పేరు దేవతది, భోగం భూస్వామిది. పుట్టిన బిడ్డకు తండ్రి పేరే లేదు.

1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. పిల్లను విడిచే తంతులో పాల్గొన్నవాళ్లకు, సహకరించినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు. అదే తల్లిదండ్రులో బంధువులో అయితే అయిదేళ్ల దాకా! చట్టం నేరంగా చూసింది తంతును. తంతు తర్వాత ఏళ్ల తరబడి సాగే లైంగిక దోపిడీని కాదు. అంటే కూలి తల్లి మీద బరువు ఎక్కువ, దొర మీద తక్కువ.

అప్పటికి వేరే చట్టం లేదా అంటే, ఉంది. 16 ఏళ్లలోపు పిల్ల సమ్మతి చెల్లదని ఐపిసి 375 అప్పటికే చెప్పింది. కానీ 'ఆచారం' అనే మాట ఆ సెక్షన్‌ను కప్పేసింది. ఇది మన దొరల తెలివి మాత్రమే కాదు. అమెరికాలో కోటీశ్వరుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ 2008లో ఫ్లోరిడా కోర్టులో మైనర్‌ను 'వ్యభిచారానికి' రప్పించానని ఒప్పుకొని, దాదాపు 13 నెలల జైలుతో బయటపడ్డాడు. బాధిత బాలికలకు చెప్పకుండా ప్రాసిక్యూటర్లు ఒప్పందం చేసుకోవడం చట్టవిరుద్ధమని 2019లో ఒక ఫెడరల్ జడ్జి అన్నాడు. అక్కడ వ్యభిచారం, ఇక్కడ ఆచారం. రెండు మాటలూ నేరాన్ని పిల్ల నెత్తిన పెట్టేవే.

ఇవాళ మన చేతిలో మెరుగైన ఆయుధాలున్నాయి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు సమ్మతి అనే మాటే లేదు. తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడమూ నేరమే. అంటే రాజీ కుదిర్చి నోరు మూయించే పెద్దమనుషులూ జవాబు చెప్పాల్సిందే. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం, దళిత స్త్రీని జోగినిగా విడవడాన్ని నేరం చేసింది. ఈ సెక్షన్ దళితేతరుల మీదనే పనిచేస్తుంది. 1988 చట్టం తల్లిని వెతికితే, ఇది దొరను వెతుకుతుంది. బాధితురాలి కుటుంబం నిందితునికి ముందే తెలిస్తే, ఆమె కులం కూడా తెలుసనే కోర్టు అనుకోవాలి. తెలియదని రుజువు చేసుకోవాల్సింది వాడే.

కాబట్టి కార్యకర్తలు మొదట చూడాల్సింది ఎఫ్‌ఐఆర్. పోక్సో, అట్రాసిటీ సెక్షన్లు రెండూ ఉన్నాయా? దర్యాప్తు డిఎస్పీ చేస్తున్నాడా? పిల్ల వయసుకు బడి సర్టిఫికెట్ జత చేశారా? ఈ మూడింటిలో ఏది తప్పినా దొర తప్పించుకునే దారి అక్కడే తెరుచుకుంటుంది. చట్టంలో దొర పేరు తనంతట తాను రాదు. మనం రాయించాలి.