విహారగృహంలో వాటా: షరీఅత్ దృష్టి

పరిగి వాస్తవ్యుడొకడు జిద్దాలో ఉద్యోగం చేస్తూ కొంత పొదుపు చేశాడనుకుందాం. అతని ముందుకు రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, వికారాబాద్ అనంతగిరి కొండల చెంత కట్టబోయే ఫామ్‌హౌస్‌లో పదో వంతు. రెండవది, విదేశంలోని ఒక విహారగృహంలో ఏటా ఒక వారం. అమ్మేవారు రెండింటినీ ‘వాటా’ అనే అంటారు. షరీఅత్ దృష్టిలో ఇవి రెండూ ఒకటేనా?

కావు. మొదటిది వస్తువు (ఐన్) కొనుగోలు. రెండవది చాలాసార్లు కేవలం వినియోగపు హక్కు (మన్‌ఫఅత్) కొనుగోలు, అంటే ఇజారా. తాను కొనేది ఏదో తెలియకుండా డబ్బు చెల్లించడమే గరర్. అటువంటి వ్యాపారాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిషేధించారు.

విభజింపబడని ఉమ్మడి వాటాను ఫిఖ్హ్ పరిభాషలో ‘ముషా’ అంటారు. దాని అమ్మకం ధర్మసమ్మతమే. అయితే ఒకే ఇంటిని పదిమంది ఎలా అనుభవించాలి? ఇందుకు ధర్మవేత్తలు చూపిన మార్గం ‘ముహాయాత్’, అనగా వంతులవారీ వినియోగం. హనఫీ గ్రంథం ‘హిదాయా’ విభజన ప్రకరణంలో దీనిని చర్చించింది. సాలిహ్ (అలైహిస్సలాం) ఒంటెకు ఒక దినం, ప్రజలకు ఒక దినం నీటి వంతు ఏర్పడిన ఖుర్ఆన్ వృత్తాంతం దీనికి ఆధారం. కనుక కాలాన్ని పంచుకోవడం మనకు కొత్త విషయం కాదు.

పవిత్ర మక్కాలోనే దీనికి ఉదాహరణ ఉంది. హరమ్ సమీపాన ఉన్న జమ్‌జమ్ టవర్ వక్ఫ్ భూమిపై నిర్మితమైంది. వక్ఫ్‌ను విక్రయించరాదు. అందుచేత అక్కడ కొనుగోలుదారులకు 24 సంవత్సరాలపాటు నిర్ణీత వారాల వినియోగపు హక్కును మాత్రమే అమ్మారు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ఈ విధానాన్ని షరతులతో అనుమతించింది.

ఆ షరతుల సారాంశం సులభమే. ఆస్తి, కాలం, ధర స్పష్టంగా ఉండాలి. అద్దె ఒప్పందమైతే ఇంటి మౌలిక మరమ్మతులు యజమానివి. ఉమ్మడి యాజమాన్యమైతే వాటాదారులందరివి. ఇంకా కట్టని ఇంటికి ఇస్తిస్నా నియమాల ప్రకారం కొలతలు, సామగ్రి ముందే నిర్ణయించుకోవాలి. “ఏటా ఇంత శాతం తప్పక ఇస్తాం, అసలుకు మేమే పూచీ” అని అమ్మేవాడు అంటే అది భాగస్వామ్యం కాదు, వాటా ముసుగులో వడ్డీ అప్పు.

షరీఅత్‌తోపాటు దేశ చట్టాన్నీ చూడాలి. విదేశాల్లో నివసించే భారతీయులు మన దేశంలో వ్యవసాయ భూమిగాని, ఫామ్‌హౌస్‌గాని కొనడాన్ని విదేశీ మారక ద్రవ్య నిబంధనలు అనుమతించవు. వారసత్వంగా రావచ్చు. అనగా మన జిద్దా సోదరునికి అనంతగిరి వాటా ఆదిలోనే చెల్లదు! స్వదేశంలో ఉన్నవారికైనా రిజిస్టరు కాని పత్రం స్థిరాస్తిపై హక్కునివ్వదు. 2020 తరువాత హైదరాబాద్ పరిసరాల్లో నిర్మాణ అనుమతులు రాకముందే అవిభక్త వాటాలు కొని ఎందరో మధ్యతరగతివారు నష్టపోయారు.

కాబట్టి సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి: నేను కొనేది వస్తువా, వినియోగమా? నా హక్కును రుజువు చేసే పత్రమేది? నేను తప్పుకోదలిస్తే నా వాటాను ఎవరు, ఏ ధరకు తీసుకుంటారు? జవాబులు స్పష్టంగా ఉంటే వ్యాపారం హలాల్ కావడానికి అవకాశముంది. లేకుంటే పరదేశంలో చెమటోడ్చిన సంపాదనను పెట్టెలోనే ఉంచుకోవడం మేలు. వల్లాహు అఅలమ్.