కాలేయ రోగికి పథ్యం పేరుతో పస్తులు వద్దు

పచ్చకామెర్లు అనగానే మన సికింద్రాబాదు ఇళ్ళలో రోగి కంచం నుండి మొదట పోయేవి నూనె, పప్పు, గుడ్డు. మిగిలేది చప్పటి మజ్జిగన్నం. ప్రేమతోనే పెడతారు. కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏళ్ళ తరబడి కాలేయంలో ఉండిపోయిన వారికి ఈ పథ్యం కీడే చేస్తుంది.

కాలేయం మనం తిన్నదానిలో కొంత శక్తిని దాచి, రాత్రి నిద్రలో శరీరానికి అందిస్తుంది. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వస్తే ఆ నిల్వ తగ్గుతుంది. ఆరోగ్యవంతులు రెండు మూడు రోజులు పస్తుంటే జరిగే నష్టం వీరికి ఒక్క రాత్రిలోనే జరగవచ్చు. అప్పుడు శరీరం తన కండనే కరిగించుకుంటుంది. పొట్టలో, కాళ్ళలో నీరు చేరితే బరువు తగ్గినట్టు తెలియదు. అందుకే మేము తూకంతో పాటు కణతలు, భుజాలు, పిడికిలి బలం కూడా చూస్తాము.

ఏమి తినాలి?

సిర్రోసిస్ రోగికి (నీరు చేరక ముందున్న) కిలో బరువుకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 72 నుండి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కనుక పప్పు, పెసరట్టు, పాలు, పెరుగు, చేప అన్నీ కలవాలి. మగత, తికమక కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అంతేగాని మీరే పప్పు, పాలు మాన్పించకండి.

పగలు మూడు నాలుగు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టండి. పడుకోబోయే ముందు పాలతో రాగి జావ గాని, జొన్నరొట్టె గాని తప్పనిసరి. లెంటు దినాల్లో ఉపవాసముండదలచిన రోగులు ముందుగా డాక్టరును అడగండి.

ఏమి మానాలి?

మద్యం ఒక్క చుక్క కూడా వద్దు. పసరు మందులు వద్దు. బూజు పట్టిన వేరుశనగలు పారవేయండి, వాటిలోని విషం కాలేయ క్యాన్సరుకు దారి తీస్తుంది. నీరు చేరినవారు ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు మానాలి.

రోగికి కంచం, గ్లాసు వేరు చేయవద్దు. కలిసి తింటే బి, సి వైరస్‌లు అంటవు.

మందులు కూడా ముఖ్యమే. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బి అదుపులో ఉంటుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లో మిగతావారు బి పరీక్ష చేయించుకుని, లేనివారు టీకా వేయించుకోండి.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు రోగి నిన్నటి రోజున ఏమేమి తిన్నారో కాగితం మీద వ్రాసి తీసుకురండి. అది చూసి మీ ఇంటి వంటతోనే ఆహార పట్టిక వేసి ఇస్తాము.