వ్యాన్‌లో పది రోజులు: ఎల్బీనగర్ నుంచి నకిరేకల్ దాకా బత్తాయి తోటలు చూసొచ్చాం

మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. చౌటుప్పల్ దగ్గర రెండెకరాల బత్తాయి తోట ఉంది. ఆకులు పచ్చబడి, కాయ రాలిపోతుంటే కొట్టేద్దామనుకున్నాం. "ముందు నాలుగు తోటలు చూసొద్దాం" అంది మా ఆవిడ.

సంక్రాంతికి ముందు పాత వ్యాన్‌లో పరుపు, గ్యాస్ పొయ్యి, నీళ్ల క్యాన్లు సర్దుకున్నాం. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కాం. మా కొత్తపేట నుంచి తరలిపోయిన పండ్ల మార్కెట్ బాటసింగారంలో కనబడింది. చిట్యాల, నార్కట్‌పల్లి దాటాక పక్క ఊళ్లలోకి దిగాం. రాత్రి ఏదో ఒక రైతు బావి దగ్గరే పడక.

నకిరేకల్ దగ్గర ఒక రైతు పొద్దున్నే చెట్టు కింద ఎండాకు పక్కకు జరిపి చూపించాడు. మట్టి తడిగా ఉంది, వానపాములు కదులుతున్నాయి. "అన్నా, ఈ చెత్త తీసెయ్యవా?" అని అడిగింది మా ఆవిడ. "చెత్త కాదమ్మా, చెట్టుకు దుప్పటి" అన్నాడు.

మా తప్పు అక్కడ తెలిసింది. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం పోస్తూనే ఉన్నాం. కానీ రాలిన ఆకంతా ఊడ్చి కాల్చేశాం. నేల మీద కప్పు లేకపోతే ఎండకు తడి ఆరిపోతుంది, పోసిన జీవాలు బతకవు.

ఇప్పుడు మేం ఆకు కాల్చడం మానేశాం. తోట కొట్టడం కూడా ఆపాం. ఆ రైతు చూపించింది కింది వీడియోలో ఉంది. మా తోట ఎలా ఉందో వచ్చే చలికాలం చూపిస్తాం.