పిచ్చికుక్క గేదెను కరిస్తే

ఊళ్లో పిచ్చికుక్క తిరుగుతోందంటే పిల్లల్ని లోపలికి పిలుస్తాం. కొట్టంలో గేదె మాట ఎవరికీ తట్టదు. పారిపోయే వీల్లేకుండా పలుపుతో కట్టేసింది దాన్నే కదా!

కుక్క సంగతి నిబంధనల్లో ఉంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, రేబిస్ సోకిందని గట్టిగా అనుమానించిన కుక్కను అది చనిపోయేదాకా విడిగా ఉంచాలి. వీధికుక్కలకు ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలమని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా రేబిస్ కుక్కలను మినహాయించింది.

కాటు పడ్డ పశువును చూసుకోవాల్సింది మాత్రం రైతే. చేతులకు గ్లౌజులు వేసుకుని, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడగాలి. కారం, సున్నం పూయకూడదు. ఆ రోజే పశువుల ఆసుపత్రిలో మొదటి టీకా వేయించాలి. ఆ తర్వాత సాధారణంగా 3, 7, 14, 28 రోజులకు వేస్తారు. పుండు మానిందని మధ్యలో ఆపితే పడ్డ శ్రమంతా వృథా. వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. అందుకు వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. అన్నాళ్లూ పశువును విడిగా కట్టి కనిపెట్టాలి.

అసలు ప్రమాదం తర్వాత ఉంది. రోగం ముదిరిన గేదె మేత ముట్టదు, బొంగురు గొంతుతో అదే పనిగా అరుస్తుంది, చొంగ తీగలుగా కారుస్తుంది. గొంతు కండరాలు చచ్చుబడి మింగలేకపోతుంది. చూసేవాళ్లకేమో మామిడి టెంక అడ్డుపడినట్టు అనిపిస్తుంది. పాపం, దాన్ని కాపాడాలనే నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. వేలి మీద చిన్న గీత ఉన్నా ఆ చొంగ చాలు. అలా చెయ్యి పెట్టినవాళ్లు వెంటనే సబ్బుతో కడుక్కుని, ప్రభుత్వాసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి.

మరగ కాగిన పాలలో వైరస్ బతకదు. అయినా జబ్బు పశువు పాలు వాడొద్దు, అసలు పితకనే వద్దు. చనిపోతే తోలు ఒలవకుండా లోతైన గోతిలో పూడ్చాలి.

అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన చట్టం ప్రకారం, అనుమానం రాగానే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పడం యజమాని బాధ్యత. పశు అంబులెన్సుకు 1962కి ఫోన్ చేయండి. పెంపుడు కుక్కలకు ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకా వేస్తారు. మీ కుక్కను ఈసారి తప్పక తీసుకెళ్లండి.