కారు మారిందా, లెక్క మారిందా?

ఏటా కొత్త ఎడిషన్‌గా వెలువడే రేసింగ్ వీడియో గేముల్లో కారు స్టీరింగ్‌కు, బ్రేకుకు, యాక్సిలరేటర్‌కు స్పందించే తీరును, అంటే హ్యాండ్లింగ్‌ను, పోల్చేవారు సాధారణంగా ఏ ఏడాది కారు మెరుగో తేల్చి ఊరుకుంటారు. అయితే కనబడిన తేడా పోటీల నిబంధనలు మారడం వల్ల నిజమైన కారులోనే వచ్చిందా, లేక దాన్ని కంప్యూటర్‌లో అనుకరించే గణిత నమూనాలో వచ్చిందా అన్నది విడదీయని తీర్పుకు విలువ తక్కువ. బ్రిటన్‌లోని కోడ్‌మాస్టర్స్ స్టూడియో 2010 నుంచి ఏటా రూపొందిస్తూ వచ్చిన, 2021లో ఆ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికి వెళ్లాక కూడా కొనసాగిన ఫార్ములా వన్ గేముల్లో ఈ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది.

నిజమైన కార్లు 2014లో 2.4 లీటర్ల వి8 ఇంజిన్‌ను వదిలి, విద్యుత్ మోటారు తోడైన 1.6 లీటర్ల టర్బో వి6కు మారాయి. 2017లో వాటి వెడల్పు 1800 నుంచి 2000 మిల్లీమీటర్లకు పెరిగింది. 2022లో చక్రాలు 13 అంగుళాల నుంచి 18కి పెరగడంతోపాటు, కారు అడుగున మలచిన సొరంగాల గుండా గాలి వేగంగా పారి, పీడనం తగ్గి, కారును నేలకు అదిమిపట్టే గ్రౌండ్ ఎఫెక్ట్ పద్ధతి తిరిగివచ్చింది. కాబట్టి ఆ ఏటి గేమైన ఎఫ్1 22లో కారు నెమ్మది మలుపుల్లో బరువుగా, బద్ధకంగా తిరిగిందన్న నిందను గేము ఒక్కదానిపైనే మోపడం న్యాయం కాదు. దాదాపు 800 కిలోల అసలు కారు నడవడీ అదే.

తరువాతి రెండేళ్ల సంగతి వేరు. 2023 నిబంధనల్లో చెప్పుకోదగిన మార్పు కారు అడుగుభాగపు అంచులను 15 మిల్లీమీటర్లు పైకి జరపడం కాగా, ఎఫ్1 23లో మలుపు దాటి వేగం పుంజుకునేటప్పుడు వెనుక చక్రాల పట్టు మునుపటికన్నా ఎంతో నమ్మదగినదైంది. 2024లో నిబంధనలు ఇంచుమించు కదలకపోయినా, ఫార్ములా వన్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ అభిప్రాయాలు కూడా తీసుకుని ‘డైనమిక్ హ్యాండ్లింగ్’ పేరిట సస్పెన్షన్, టైర్ల లెక్కలను తిరగరాసిన ఎఫ్1 24లో, కారు ముక్కు మితిమీరిన చురుకుతో మలుపులోకి దూసుకుపోతోందన్న విమర్శలు రావడంతో స్టూడియో అప్‌డేట్ ద్వారా దాన్ని సవరించవలసివచ్చింది. అంటే ఒకే ఎడిషన్‌కు రెండు హ్యాండ్లింగులు. ఏది ఆ ఏడాదికి ప్రతినిధి అన్న ప్రశ్నను పోలికలు చేసేవారు అరుదుగానే వేసుకుంటారు.

ఈ తేడాలకు ముఖ్యమైన నెలవు టైరు నమూనా. మలుపులో టైరు చూసే దిశకూ అది వాస్తవంగా సాగే దిశకూ మధ్య ఏర్పడే స్లిప్ యాంగిల్ అనే చిన్న కోణం పెరిగేకొద్దీ పట్టు కొంతవరకు పెరిగి, శిఖరాన్ని తాకాక తగ్గుతుంది. ఆ తగ్గుదలను నమూనా నిటారుగా గీస్తే కారు హెచ్చరిక లేకుండా గిర్రున తిరిగిపోతుంది, ఏటవాలుగా గీస్తే ఆటగాడికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. రెండు నమూనాల్లోనూ శిఖరం ఒకే ఎత్తున ఉంటే ఆరితేరినవారి ల్యాప్ సమయాలు దాదాపు ఒకేలా రావచ్చు గనుక, గడియారాన్ని మాత్రమే నమ్మే పోలికకు అసలు తేడా చిక్కదు. సర్క్యూట్, టైరు రకం, ఇంధనం మార్చకుండా, చక్రాలు వృథాగా తిరగకుండా గేమే అడ్డుపడే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపివేసి, హద్దు దాటిన కారు ఎంతసేపటికి అదుపులోకి వస్తుందో గమనించడం అంతకన్నా మంచి పరీక్ష. అదికూడా గేమ్‌ప్యాడ్‌తో వేరుగా, స్టీరింగ్ వీల్‌తో వేరుగా జరగాలి, ఎందుకంటే బొటనవేలి పొట్టి కదలికను గేము తనంతట తాను మెత్తబరిచి చక్రాలకు అందిస్తుంది.

2026కు విడి గేము తేకుండా, ఆ ఏటి కొత్త నిబంధనల కార్లను ఎఫ్1 25కే అదనపు భాగంగా ఇస్తామని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రకటించింది. పునాది లెక్కలను ఆ సందర్భంగా మార్చకుండా ఉంటే, రెండు తరాల కార్లను ఒకే నమూనాపై నడిపి, నిబంధనల వంతు ఎంతో విడిగా కొలిచే వీలు కలుగుతుంది.