ఇసుక దారిలో సైకిలు

కాశీబుగ్గలో సైకిలెక్కి సముద్రం వైపు బయలుదేరారనుకోండి. తారురోడ్డు ఉన్నంతసేపూ హాయిగా సాగుతుంది. ఉద్దానం తోటల్లోకి అడ్డదారి పట్టగానే చక్రం ఇసుకలో దిగబడుతుంది. ఎంత తొక్కినా కదలదు. దిగి నడిపించుకుంటూ పోవలసిందే. ఇంతలో నెత్తిన బుట్టతో ఒక ముసలమ్మ మిమ్మల్ని దాటిపోతుంది! కాళ్ళకు లొంగిన దారి చక్రానికి ఎందుకు లొంగలేదు?

లెక్కవేసి చూద్దాం. మీ బరువు 45 కిలోలు అనుకుందాం. పాదం నేలకు ఆనే వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒంటికాలిమీద నిలబడినా చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములే. సైకిలు టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోలు. టైరు నేలమీద మోపే ఒత్తిడి కూడా దాదాపు అంతే. పాదంకన్నా పదిరెట్లు! తారురోడ్డు దీన్ని ఖాతరు చేయదు. పొడి ఇసుక రేణువులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకోలేక పక్కకు జరిగిపోతాయి. చక్రం గోతిలో పడుతుంది. అందులోంచి ఎక్కబోతూ మరో గొయ్యి చేసుకుంటుంది. చదును నేలమీదే మీరు ఆగకుండా మిట్ట ఎక్కుతున్నారన్నమాట.

నడిచేవారినీ ఇసుక ఊరికే పోనివ్వదు. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, గట్టి నేలమీదకన్నా ఇసుకలో నడకకు 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చయింది. రెండు కిలోమీటర్ల దూరంలోని బడి కాళ్ళకు నాలుగైదు కిలోమీటర్లవుతుంది.

వాన వెలిసిన మర్నాడు అదే దారిన వెళ్ళండి. సైకిలు సాగిపోతుంది! రేణువుల మధ్య చిక్కిన కాస్త నీరు తలతన్యతవల్ల వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఖాళీలన్నీ నీటితో నిండిపోతే మాత్రం ఆ పట్టు పోతుంది. చెరువుగట్టు తీరు దీనికి తలకిందులు. బంకమన్ను ఎండకు రాయిలా బిగుస్తుంది, వానకు జారుతుంది. కనుక ఎండల్లో గట్టుమీదుగా, వాన వెలిశాక తోటలగుండా వెళ్ళడం మేలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి చెట్లు లెక్కలేనన్ని కూలాయి. చెట్లు పోయినచోట నీడా పోయింది. నీడలేని ఇసుక తొందరగా ఆరుతుంది. చక్రం బరువును పంచుకునే రాలుటాకుల పొర కూడా అక్కడ ఉండదు.

జాతీయ రహదారి ఉందిగా అంటారేమో. దానిమీద లారీల పక్కన తొక్కాలి. ఏ ఇంట్లోనైనా ఆడపిల్లను పంపడానికి జంకుతారు. ఇది చిన్న విషయం కాదు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చాక, ఉన్నత పాఠశాలలో చేరే బాలికలు 32 శాతం పెరిగినట్లు ఒక పరిశోధన తేల్చింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఈ పెరుగుదల ఎక్కువ. అలాంటి సైకిలు ఇసుకలో ఆగిపోతే?

ఒక ఉపాయం చేసి చూడండి. ఇసుక మొదలయ్యేచోట టైర్లలో గాలి కొంత తగ్గించండి. టైరు నేలకు వెడల్పుగా ఆనుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, చక్రం తక్కువగా దిగబడుతుంది. పంపు వెంట ఉంచుకోవడం మరవకండి. తారురోడ్డెక్కేముందు మళ్ళీ గాలి కొట్టకపోతే గతుకుల్లో ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరవుతుంది.