తుప్పు పట్టిన పాత పికప్ బండిని ఇంటివద్ద బాగుచేసికొనుట

మీరాలం మండీకి, మాదన్నపేట మార్కెట్టుకు తెల్లవారకముందే కూరగాయలు చేర్చవలసిన రైతుకు సొంత బండి విలువ చెప్పనక్కరలేదు. కిరాయి బండి ఒక్కరోజు రాకున్న, కోసి కట్టలు కట్టిన పాలకూర, మెంతికూర ఆ పూటకే వాడిపోవును. కొత్త పికప్పు కొనుటకు శక్తిలేక, పదిహేను ఇరువది ఏండ్ల పాతబండిని తక్కువ ధరకు కొనువారును, పెరటిలో చెట్టుక్రింద పడియున్న తమ బండినే తిరిగి నడుపజూచువారును చాలమంది కలరు. ఇది తెలివితక్కువ పని కాదు. పాతబస్తీలో ఇండ్ల ముంగిళ్లలోను, చిన్న షెడ్లలోను ఇటువంటి పని నిత్యము జరుగుచున్నది. అయితే డబ్బు మొదట ఎక్కడ పెట్టవలెనో తెలియక, చాలమంది రంగుకు ఖర్చుచేసి, బ్రేకుల దగ్గరకు వచ్చుసరికి చేయి ఖాళీ చేసికొనుచున్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ కారు తళతళలాడుచు కనుపించును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పించినారు గాని, అది చేరకముందే 1911లో మరణించినారు. అది చూపుటకు ఉంచిన బండి. మీ బండి టమాటా పెట్టెలు మోసి, బరువుతో దిగువకు వచ్చునప్పుడు నిలువవలసిన బండి. దాని బలమంతయు ఛాసిస్‌లోను, బ్రేకులలోను ఉన్నది.

ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని ఈ మూడును కలిసిననే తుప్పు పుట్టును. లవణము చేరినచో ఆ పని చాల వేగముగా జరుగును. రైతు బండికి పట్టణపు బండికన్న త్వరగా తుప్పు పట్టుటకు ఇదియే కారణము. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనగా పొటాషియం క్లోరైడు. ఇది ఉప్పు జాతిదే. అమ్మోనియం సల్ఫేటు తడిసిన ఆమ్లగుణము చూపును. యూరియా గాలిలోని తేమను పీల్చుకొని, బస్తా క్రింద రేకును తడిగా ఉంచును. పేడ, పశువుల మూత్రము, కోళ్లఎరువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అన్నిటికన్న చెడ్డది మైలుతుత్తము. బోర్డోమిశ్రమము సరిగా కుదిరినదో లేదో చూచుటకు మెరుగుపెట్టిన చాకును అందులో ముంచుట మీరెరుగుదురు. తుత్తము ఎక్కువైన చాకుపై ఎర్రని రాగిపూత పడును. రాగి కూర్చున్న చోట ఇనుము కరగిపోవుచున్నదని దాని అర్థము. తుత్తము ఒలికిన బండి అడుగురేకులోను ఇదే జరుగును.

తుప్పు రెండు విధములు. ఒకటి పైతుప్పు. గీకిన క్రింద తెల్లని గట్టి ఇనుము బయటపడును. ఇది ఎంత వికారముగా కనుపించినను భయపడనక్కరలేదు. రెండవది తినివేసిన తుప్పు. ఇనుము పొరలు పొరలుగా ఉబ్బి, రాలి, రేకు కాగితమంత పలుచనై ఉండును. కొనుటకు ముందు ఈ రెంటిని వేరుచేసి చూచుటయే మొత్తము వ్యవహారములో ముఖ్యమైన పని. దీనికి కావలసినవి ఒక చిన్న సుత్తి, ఒక దబ్బనము, ఒక అయస్కాంతము, ఒక టార్చిలైటు. అమ్మువాడు ఏమన్నను బండి క్రింద పడుకొని చూడవలెను.

ఛాసిస్ పట్టీలను ఆ చివరనుండి ఈ చివరవరకు సుత్తితో తట్టుచు రావలెను. గట్టి ఇనుము గణగణమనును. తినివేసిన చోట చచ్చిన శబ్దము వచ్చును. కమాన్లు బిగించిన కొక్కెముల దగ్గర, వెనుక చక్రముల పైన ఛాసిస్ వంపు తిరిగిన చోట, క్యాబిన్ కూర్చుండు దిమ్మల దగ్గర, స్టీరింగు పెట్టె బిగించిన చోట మరింత శ్రద్ధ వహించవలెను. అనుమానమున్న చోట దబ్బనముతో గట్టిగా పొడిచి చూడవలెను. దిగినచో అది ఇనుము కాదు, తుప్పుముద్ద. తలుపుల అడుగు అంచులకు, చక్రపు రెక్కలకు అయస్కాంతము పెట్టి చూడుడు. పట్టుకొననిచోట లోపల లప్పము దట్టించియున్నారన్నమాట. క్యాబిన్‌లోని రబ్బరు చాప తప్పక ఎత్తి చూడవలెను. చాప క్రింద నిలిచిన నీరు తిన్నంతగా వాననీరు కూడ తినదు.

తలుపులు, రెక్కలు, అడుగురేకులు, డాలా చెడినవైనను మార్చుకొనవచ్చును. కాని కమాన్ల కొక్కెముల దగ్గరగాని, స్టీరింగు దగ్గరగాని ఛాసిస్ చిల్లులు పడియున్నచో ఆ బండి ఎంత చవుకగా వచ్చినను వదలివేయుటయే నా సలహా. ఇంటివద్ద అతుకువేసి సరిపెట్టుకొను భాగములు కావవి.

ఇనుము చూచిన తరువాత కాగితములు చూడవలెను. ఈ విషయము గ్రామాధికారులను కూడ రైతులు అడుగుచుందురు. ఛాసిస్‌పై చెక్కిన నెంబరు రిజిస్ట్రేషను పుస్తకములోని నెంబరుతో అక్షరము అక్షరము సరిపోవలెను. తుప్పు గీకు సందడిలో ఆ నెంబరును రుద్దివేయరాదు. అది చెరిగిన బండికి ఫిట్‌నెస్ దొరకుట దుర్లభము, పైగా దొంగబండియను అనుమానము వచ్చును. ఆ చోట మెత్తని బ్రష్షుతో తుడిచి, ఫోటో తీసి, పలుచగా గ్రీజు పూసి వదలవలెను. సరుకు రవాణా బండికి ఎనిమిదేండ్లు దాటిన తరువాత ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ పత్రము పొందవలెను. 15 ఏండ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ 1 నుండి రుసుములు బాగుగా పెంచబడినవి. కావున రవాణా కార్యాలయములో బాకీపన్ను, రుసుములు ఎంత అగునో కనుగొని, ఆ మొత్తమును బండి ధరకు కలిపి లెక్కించవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండి రూపము మార్చుటకు వీలులేదు. ఇంజను మార్చదలచిన ముందే అనుమతి పొందవలెను. బండి పనికిరాదని తేలినచో, 2021 నిబంధనల క్రింద నమోదైన తుక్కు కేంద్రమునకు ఇచ్చి, వారిచ్చు పత్రము భద్రపరచుకొనవలెను. ఊరి పాతఇనుము వర్తకునికి అమ్మి, రిజిస్ట్రేషను రద్దు చేయించనిచో, ఆ బండి పేర జరుగు తప్పులకు మీరే జవాబుదారులగుదురు.

బండి ఏ రకమైనదను ప్రశ్న కూడ కలదు. 1980ల దశకములో మన జహీరాబాదులోనే ఆల్విన్ వారు జపానుకు చెందిన నిస్సాన్ సహకారముతో తేలిక ట్రక్కులు తయారుచేసినారు. తరువాత ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చినది. అటువంటి పాతబండిపై మనసు పడుట సహజమే. కాని కొనకముందు క్లచ్చి ప్లేటు, బ్రేకు వాషర్ల కిట్టు, స్టీరింగు జాయింటు ఈ మూడును బజారులో దొరకునో లేదో నాలుగు దుకాణములలో విచారింపవలెను. ఈ మూడు దొరకని బండి ఏదో ఒకనాడు దారిలో నిలుచును. ఇక పాతపనిముట్లకు పురానాపూల్ దగ్గర గురువారమునాడు సాగు జుమేరాత్ బజారు మంచి చోటు. స్పానర్లు, బెంచి వైసు, సుత్తులు చవుకగా దొరకును. బ్రేకు సామాను మాత్రము అక్కడ కొనరాదు. రసీదులేని ఇంజను భాగములు అసలే కొనరాదు.

పని మొదలుపెట్టుటకు కాలము కూడ చూచుకొనవలెను. వానాకాలములో ఉదయము గీకిన ఇనుము సాయంత్రమునకే ఎర్రబడును, రంగు క్రింద తేమ చిక్కుకొనును. కార్తీకము మొదలు ఫాల్గుణము వరకు మన ప్రాంతమున పొడిగాలి ఉండును, ఆ కాలము శ్రేష్ఠము. ఎండాకాలములోనైనచో మధ్యాహ్నము రంగు వేయరాదు. కాలిన రేకుపై రంగు పట్టకముందే ఆరి పొలుసుగా లేచును. బండి క్రిందికి దూరునప్పుడు జాకీని నమ్మరాదు. గట్టి స్టాండ్లపై నిలిపి, చక్రములకు మొద్దులు అడ్డుపెట్టవలెను. ఇటుకలు బరువుకు ఒక్కసారిగా పగులును, వానిని వాడకుడు. పాతరంగులలో సీసము, పాత బ్రేకు లైనింగులలో రాతినార ఉండవచ్చును. వాని పొడిని పీల్చరాదు, గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడువవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను.

ఛాసిస్ మీది తుప్పును గీకుడుపట్టీతోను, ఇనుప బ్రష్షుతోను, ఎమెరీ కాగితముతోను తీయవలెను. ఇందుకు ఖరీదైన యంత్రములు లేకున్నను ఓపిక చాలును. బోల్టులు, బిగింపు పట్టీలు, కొక్కెములవంటి చిన్న ఇనుప సామానుకు మొలాసిస్, అనగా చక్కెర మిల్లులోని మడ్డి, చక్కగా పనిచేయును. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్లు నీరు కలిపి, ప్లాస్టిక్ పీపాలో వారము రెండు వారములు నాననిచ్చి, నడుమ తీసి చూచుచుండవలెను. దోమలు చేరకుండ మూతవేయవలెను. అల్యూమినియము సామాను అందులో వేయరాదు. బయటకు తీసినవెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆనాడే ప్రైమరు పూయవలెను. మరునాటికి ఉంచినచో తుప్పు తిరిగి మొదలగును.

సందులలో బ్రష్షు అందని తుప్పునకు ఫాస్ఫారికామ్లముగల మందుగాని, టానిన్‌గల మందుగాని బజారులో దొరకును. చేతితొడుగులు, కంటద్దములు ధరించి పూయవలెను. టానిన్ మన రైతులకు కొత్తది కాదు, అది కరక్కాయలోని వగరే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ నీటిలో ముంచిన బట్టపై, తుప్పుఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టిన రసముతో గీసి నల్లరంగు తెప్పించుదురు. ఇనుముతో వగరు కలిసిన గట్టి నల్లని పదార్థమగుననుటకు అది నిదర్శనము. తుప్పుపై పూసిన మందు కూడ అట్లే నల్లబడి, పొడిరాలకుండ గట్టిపడును. కాని వదులుగా ఉన్న తుప్పును తీయకుండ పైన పూసినచో పొరతోసహా ఊడివచ్చును.

చిల్లులు పడిన అడుగురేకును గట్టి ఇనుము వచ్చువరకు కత్తిరించి, 18 గేజి, అనగా సుమారు 1.2 మి.మీ. రేకును కొలతకు కోసి అమర్చుట మీరే చేయవచ్చును. వెల్డింగుకు మాత్రము నేర్పరిని పిలువవలెను. మీరు కొలిచి కోసియుంచినచో అతని కూలి సగము మిగులును. పలుచని రేకును మామూలు కడ్డీ వెల్డింగు కాల్చి చిల్లులు చేయును. మిగ్ వెల్డింగు గలవానితో, ఒకేచోట ఆపకుండ చుక్కలు చుక్కలుగా వేయించవలెను. పని ప్రారంభించుటకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. ఇంధనపు ట్యాంకును, అది ఖాళీదైనను, ఇంటివద్ద వెల్డింగు చేయరాదు. లోపల మిగిలిన ఆవిరి పేలి ప్రాణములు తీయును. ట్యాంకు కారుచున్నచో మార్చుటయే మేలు.

బ్రేకుల విషయములో పొదుపు పనికిరాదు. తుప్పుపట్టిన బ్రేకుగొట్టములను, పగిలిన రబ్బరు గొట్టములను, చక్రముల సిలిండర్లలోని వాషర్లను అన్నిటిని ఒకేసారి మార్చవలెను. గొట్టమునకు టంకము అతికించుట కూడదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును, కావున మూత తీసియుంచిన పాతడబ్బా ఆయిలు వాడరాదు. ఈ ఆయిలు రంగును కరగించును గనుక రంగు వేయుటకు ముందే ఈ పని ముగించుట మంచిది. గాలి పూర్తిగా తీయించి, ఖాళీ మైదానములో మెల్లగా నడిపి చూచిన తరువాతనే బరువు ఎక్కించవలెను.

శుభ్రపరచిన ఇనుముపై జింకు ఫాస్ఫేటు ప్రైమరు రెండు పూతలు వేసి, ఆపై ఎనామిల్ రంగు వేయవలెను. వెనుకటి కాలపు ఎర్రసీసము వాడకుడు, అది విషము. డబ్బు చాలనిచో పైరంగు ఒక్క పూతతో సరిపెట్టి, ప్రైమరు మాత్రము తగ్గించకుడు. పెట్టెవలె మూసియున్న ఛాసిస్ లోపలికి మైనపు మందును రంధ్రములగుండ కొట్టవలెను. తలుపుల క్రింద, డాలా మూలలలో నీరుపోవు రంధ్రములను మట్టి తీసి తెరచియుంచవలెను. కొందరు తుప్పు రాకుండ వాడిన ఇంజనాయిలు పూయుదురు. అందులో ఆమ్లములు చేరియుండును, రబ్బరును పాడుచేయును. నేను దానిని మెచ్చను.

ఆ పాతఆయిలును, థిన్నరును, గీకిన రంగుపొడిని గల్లీ మోరీలో పోయుట పాతబస్తీలో తరచు చూచెదము. పాతబస్తీ మోరీల నీరు చివరకు మూసీలో కలియును. దిగువన పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ వైపు రైతులు ఆ నీటితోనే పశువులకు పారాగడ్డి పెంచుచున్నారు. మీరు పోసిన ఆయిలు సాటిరైతు గడ్డిమడిలో తేలును. ఆయిలును డబ్బాలో పట్టి పాతఆయిలు కొనువారికి అప్పగించవలెను. రంగుపొడిని సంచిలో మూటకట్టి వేరుగా ఉంచి, మునిసిపాలిటీ చెత్తబండివారికి ఏమున్నదో చెప్పి ఇవ్వవలెను.

బాగైన బండిలో ఎరువు తెచ్చునప్పుడు డాలాలో మందమైన టార్పాలిను పరచి, దాని అంచులు ఇరుప్రక్కల పైకి కట్టవలెను. దింపిన రోజే మంచినీటితో అడుగు, ప్రక్కలు, ఛాసిస్ క్రిందిభాగము కడిగి, బండి ముందుభాగము కొంచెము ఎత్తుగా ఉండునట్లు నిలిపి, నీరంతయు వెనుకకు జారిపోనీయవలెను. ప్రతి సంవత్సరము మృగశిరకు ముందు ఒకసారి దబ్బనముతో ఛాసిస్ పరీక్షించి, రంగు లేచినచోట గీకి ప్రైమరు పూయవలెను. దానికి పట్టు సమయము ఒక్క పూట మాత్రమే.